కబురెందుకు పెట్టలేదని అడగడానికి సిరిసిల్ల దాకా

మా చెల్లెలు సత్యవతి చనిపోతే నాకు చెప్పలేదు. పదకొండు రోజులు దాటాక ఒక పోస్టుకార్డు వచ్చింది. పుట్టింటి చీర కప్పకుండా ఆడపిల్లను కాటికి పంపారు. ఇది తప్పు. ఏ రాష్ట్రంలోనైనా, ఎవరి న్యాయంలోనైనా తప్పే.

మా చీరాల వైపు ముత్తైదువ పోతే పుట్టింటి నుంచి చీర వచ్చేదాకా శవాన్ని లేపరు. ఎండైనా వానైనా ఆగుతారు. సిరిసిల్లలోనూ అదే ఆచారమని నాకు తెలుసు. వాళ్లూ నేతవాళ్లే, మేమూ నేతవాళ్లమే. మా నాన్న షోలాపూర్ మిల్లులో పనిచేసిన రోజుల్లో పక్క మగ్గం మీద సిరిసిల్ల మనిషి ఉండేవాడు. ఆ స్నేహంతోనే సత్యవతిని ఆయన కొడుకు నర్సయ్యకు ఇచ్చాం. నలభై ఐదేళ్ల కిందటి మాట. నా చేతులతో నేసిన చీర ఏటా ఒకటి పంపుతూ వచ్చాను. ఒక్క ఏడు తప్పలేదు. అలాంటిది, ఆఖరి చీరకు నేను పనికిరాలేదా?

కార్డు రాసింది సత్యవతి కూతురు పద్మ. జేబుకో ఫోను ఉన్న కాలంలో కార్డు! నేనే ఫోను చేశాను. "పోన్ల చెప్పేది కాదు మామా" అని పెట్టేసింది. అప్పుడు బయల్దేరాను, ముందు కోరుట్లలో ఉన్న పద్మ దగ్గరికి. ఇంట్లో వద్దన్నారు. అక్కడ ఉద్యమం ముదిరి ఉంది, బస్సులు సరిగ్గా తిరగడం లేదు, నీ నోరు ఊరుకోదు అన్నారు. డెబ్బై నాలుగేళ్లవాణ్ణి ఎవరేం చేస్తారు? నేను చదివింది మూడో తరగతే. కానీ మా పేట లైబ్రరీలో నేను తిరగెయ్యని పుస్తకం లేదు. రాష్ట్రం ఎందుకు విడిపోకూడదో ఒక నోటు పుస్తకం నిండా వాదనలు రాసి పెట్టుకున్నాను. సంచిలో ఆ పుస్తకం, ఒక నీలం చీర, రెండు జతల బట్టలు పెట్టుకున్నాను. చీర ఇక ఎవరి మీద కప్పాలో తెలియదు. అయినా పుట్టింటివాడు వట్టి చేతులతో పోకూడదు.

మీలో చాలామంది ఆ వైపు వెళ్లి ఉండరు. పేపర్లో చూసి ఒక అభిప్రాయానికి వచ్చి ఉంటారు. నేనూ అంతే.

జగిత్యాల, రోడ్డు మీద పొయ్యి

జగిత్యాల పొలిమేరలో బస్సు ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గిన్నెలు, చుట్టూ ఆడవాళ్లు. దీన్ని వంటావార్పు అంటారు. రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తిని, దారి ఆపేస్తారు. వండుకు తినడం కూడా పోరాటమేనా అని పేపరుకు ఉత్తరం రాసినవాణ్ణి నేను. వేశారు కూడా.

డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టి కళ్లు మూసుకున్నాడు. నేను దిగాను. పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్న ఒకావిడ నా వంక చూసింది. పేరు రాజవ్వ అనీ, బీర్పూర్ నుంచి ట్రాక్టరు మీద వచ్చిన కూలి మనిషి అనీ తర్వాత తెలిసింది.

"ఏ ఊరు పెద్దయ్యా?"

"చీరాల దగ్గరమ్మా. ఎంతసేపు ఆపుతారు?"

"అంటె ఆంధ్రనా?"

చుట్టుపక్కల తలలన్నీ తిరిగాయి. నేను సంచి గట్టిగా పట్టుకున్నాను.

"భయపడకు, కొట్టం. నిన్ను కొడ్తె పప్పు మాడిపోతది" అంది. అందరూ నవ్వారు. విస్తరాకు వేసి కూర్చోమన్నారు.

పప్పుచారు, పచ్చిపులుసు. మా వైపు పులుసంటే మరగాలి. ఇక్కడ చింతపండు రసం పచ్చిగానే పిసికి, ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ వేసి పోసేస్తారు. మొదటి ముద్దకు ఇదేం పులుసు అనిపించింది. మూడో ముద్దకు మళ్లీ అడిగాను. ఆ అడగడంలో నా మోచెయ్యి తగిలి పప్పుచారు గిన్నె సంచి మీద ఒలికింది. చీర అంచు మీద పసుపు మరక. రాజవ్వే బిందె నీళ్లతో రుద్ది ఉతికింది. మరక పలచబడింది గానీ పోలేదు.

తిన్న తర్వాత నోరు ఊరుకోలేదు. పుస్తకం తీశాను. ఒకే భాష మాట్లాడేవాళ్లు రెండుగా చీలడం ఎంత అనర్థమో మొదలుపెట్టాను. టెంటులో కూర్చున్న ఒక నడివయసు ఆయన, కోర్టు గుమాస్తా అట, మధ్యలో అడ్డొచ్చాడు.

"డెబ్బై రెండుల మీరే వేరు గావాలన్నరు గద తాతా? యాది లేదా?"

గుర్తు లేకేం. ఆ ఏడు రైలు పట్టాల మీద కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పటి కారణాలు వేరు అని వివరించాను. వివరంగానే చెప్పాను. రాజవ్వ గిన్నెలు తోముతూ వింది. చివరికి తల ఎత్తింది.

"పెద్దయ్యా, నువ్వు ఎప్పటి సంది చెప్తున్నవు. మేమెందుకు ఈడ కూసున్నమో ఒక్కసారన్న అడిగినవా?"

"తెలుసమ్మా. పేపర్లో చదివాను."

"పేపరోడు నన్ను అడిగిండా? ఆడు గూడ అడుగలే. మీరిద్దరు మీరిద్దరే మాట్లాడుకున్నరు."

మళ్లీ నవ్వులు. నాకు మండింది. "సరే, ఎందుకో చెప్పు" అన్నాను.

నీళ్లనో, ఉద్యోగాలనో అంటుందనుకున్నాను. వాటికి జవాబులు పుస్తకంలో ఉన్నాయి. ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మా కొడుకు పట్నంల ఒక ఆఫీసుకు పోయిండు, కాయితం ఇయ్యనీకి. ఆడ కూసున్నాయన ఈని మాట ఇని నవ్విండట. మల్లొకసారి చెప్పు అన్నడట, పక్కోళ్లను పిలిచి. వీడు మల్ల చెప్పిండు. అందరు నవ్విన్రు. గంతే, కొట్టలే, తిట్టలే. రెండేండ్లాయె, మావోడు ఇంట్ల గూడ సక్కగ మాట్లాడడు. అన్నం పెట్టమని చేత్తోని చూపిస్తడు."

పుస్తకంలో దానికి జవాబు లేదు. సత్యవతి మొదటి కాన్పుకు వచ్చినప్పుడు "నేను నిన్న అచ్చిన" అంటే ఇంటిల్లిపాదీ నవ్వాం. నేను ఎక్కువ నవ్వాను. ఆ మాట రాజవ్వతో అనలేదు.

ఎక్కడికి పోతున్నావని అడిగితే చెప్పాను. ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"తల్లిగారి చీర లేకుంట ఎట్ల లేపిన్రు? అన్నాయమే గది!"

చూశారా? అవతలి పక్షంవాళ్లు కూడా ఒప్పుకున్న అన్యాయం అది. నాకు కొంచెం బలం వచ్చింది. ఆవిడ మళ్లీ అడిగింది.

"ఏటేటా బతుకమ్మకు తోల్కపోతుంటివా చెల్లెను?"

ఈ పండుగ సంగతి చెప్పాలి. దసరాకు ముందు తొమ్మిది రోజులు పూలను గోపురంలా పేర్చి చుట్టూ తిరిగి పాడతారు. అది పేపర్లో కనిపించే భాగం. కనిపించనిది ఏమిటంటే, పెళ్లయిన ప్రతి ఆడమనిషినీ ఆ రోజుల్లో అన్నో తమ్ముడో వచ్చి పుట్టింటికి తీసుకుపోవాలి. నేను వెళ్లింది సరిగ్గా ఆ ముందు రోజుల్లోనే. బస్సులు లేకపోయినా బండ్ల మీద, ఆటోల్లో అన్నదమ్ములు అక్కచెల్లెళ్లను తీసుకుపోతున్నారు.

"మాకు ఆ పండగ లేదమ్మా. ఉగాదికి పిలిచేవాణ్ణి, చవితికి పిలిచేవాణ్ణి" అన్నాను.

"మీకు లేదు, సరే. ఆమెకున్నది గద" అంది. అని గిన్నె బోర్లించింది.

కోరుట్ల ఆటోలో

మర్నాడు పొద్దున ఆటో దొరికింది. మామూలు రోజుల్లో అడిగేదానికి రెట్టింపు అడిగాడు. బేరమాడితే "బస్సుల పో తాతా, తొందరగ పోతవ్" అన్నాడు. బస్సులు లేవని ఇద్దరికీ తెలుసు.

పక్కన కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నం మనిషి కూర్చున్నాడు. నలభై ఏళ్లుంటాయి. మస్కట్ నుంచి సెలవు మీద వచ్చాడు. దారికి రెండు వైపులా వరి, పసుపు చేలు. రాష్ట్రం గురించి నీ ఉద్దేశం ఏమిటని అడిగాను. ఈసారి అడగడంతోనే మొదలుపెట్టాను, గమనించండి.

"రాష్ట్రం అచ్చినా రాకున్నా నా వీజ మారదు కాకా. జై అనమంటె అంట. అనకుంటె ఊళ్లె ఊకోరు."

ఇలాంటివాణ్ణి పేపరు రెండు పక్షాల్లో దేంట్లో రాస్తుంది? నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఊరుకుంటే మనుషులు వాళ్లంతట వాళ్లే చెబుతారట, ఆ రోజు తెలిసింది. కాసేపటికి ఆయనే మొదలుపెట్టాడు. మస్కట్ గదిలో తనతో పాటు భీమవరం వైపు మనిషి ఉంటాడట. ఇద్దరూ ప్రతి శుక్రవారం రాష్ట్రం గురించి పోట్లాడుకుని శనివారం దాకా మాట్లాడుకోరట.

"పోయిన ఎండకాలం మా నాయినకు సుస్తయింది. పోను అచ్చేటాల్లకు నేను పనిల ఉన్న. గా భీమవరమాయననే పోను లేపిండు. లేపి ఏం జేసిండనుకున్నవ్..."

గల్ఫ్ సెలవుల చట్టం గురించి నేను ఈమధ్యే చదివి ఉన్నాను. తండ్రికి జబ్బు చేస్తే సెలవు ఇచ్చి తీరాలి, మీవాళ్లకు హక్కులు తెలియవు అని చెప్పాను. కొంచెం పొడుగ్గానే చెప్పాను. ఆయన "అవునా కాకా" అన్నాడు. జేబులోంచి తీగలు తీసి చెవుల్లో పెట్టుకున్నాడు. కోరుట్లలో దిగేదాకా తియ్యలేదు.

భీమవరం మనిషి ఏం చేశాడో, ఆ తండ్రి ఏమయ్యాడో నాకు ఇప్పటికీ తెలియదు.

కోరుట్ల, చాట ముందు

పద్మ ఇల్లు బీడీలు చేసేవాళ్ల వాడలో ఉంది. అక్కడ ప్రతి గడపలోనూ ఒక ఆడమనిషి, ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన ఆకు, పొగాకు. మాట్లాడుతున్నా, నవ్వుతున్నా, ఏడుస్తున్నా వేళ్లు ఆగవు. పద్మ నన్ను చూసి లేచింది, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చింది, పచ్చి మొక్కజొన్న రుబ్బి వేసిన గారెలు పెట్టింది, మళ్లీ చాట ముందు కూర్చుంది.

చీర ఇచ్చాను. మడత విప్పి చూసింది. మరక కాదు, రంగు చూసింది.

"మల్ల నీలందేనా మామా" అంది. చిన్నగా నవ్వి పక్కన పెట్టింది. ఆ నవ్వు ఎందుకో అడగలేదు. నాకు నా ప్రశ్న తొందరగా ఉంది.

"చీర లేకుండా ఎందుకు పంపారే మీ అమ్మను?"

"చీర లేదని ఎవలన్నరు? కప్పినం. తల్లిగారి చీరనే."

"పుట్టింటివాణ్ణి నేను బతికుండగా తెచ్చినవాడెవడు?"

"వాడు కాదు. ఆమె."

నేను లేచాను. నేను ఒక్కణ్ణే అన్నను, ఇంకో పుట్టిల్లు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగాను. పక్క గడపల్లో ఆడవాళ్లు తలలెత్తి చూశారు. వాళ్ల వేళ్లు మాత్రం ఆగలేదు. పద్మ వేళ్లు ఆగాయి.

"మామా, గిట్లనే..." అని ఆపేసింది. మళ్లీ అంది, "సిరిసిల్లకు పో. బాపు చెప్తడు. ఒక్కటే ముచ్చట. సాంచాల సప్పుడుకు బాపు చెవులు ఎప్పుడో పోయినయ్. ఎదురుంగ కూసో. నోరు సూసి ఇంటడు. నువ్వు చెప్పుడయినంక ఆయన చెప్పేదాక జెర ఆగు."

సాంచాలంటే మరమగ్గాలు.

సిరిసిల్ల, సాంచాలు ఆగిన పూట

నేను గుంట మగ్గం మీద పెరిగినవాణ్ణి. చేనేతలో చేతులు పనిచేస్తుంటే నోరు ఖాళీగా ఉంటుంది. ఎదురుగా నలుగురు కూర్చుంటారు, లోకం గురించి చెబుతూనే అయిదు గజాలు నేయవచ్చు. సిరిసిల్లలో అలా కుదరదు. వీధి వీధంతా సాంచాల మోత. ఆ మోతలో నలభై ఏళ్లు పనిచేసినవాళ్లు ఎదుటి మనిషి పెదాల వంకే చూస్తారు. కొత్తవాళ్లకు అది తప్పుగా తోస్తుంది.

ఆ పూట కరెంటు లేదు. వీధి నిశ్శబ్దంగా ఉంది. అడుగుల చప్పుడు నాకే వినిపించింది.

ఈ ఇంటికి నేను పదేళ్ల కింద ఒకసారి వచ్చాను. సత్యవతి చిన్న కొడుకు తన ప్రాణం తానే తీసుకున్నప్పుడు. ఆ రోజుల్లో సిరిసిల్ల పేరు పేపర్లో అందుకే వచ్చేది. రెండు రోజులున్నాను. చేనేతను వదిలి సాంచాలకు పోవడమే ఈ చావులకు మూలమని అక్కడి మగవాళ్లకు విప్పి చెప్పాను. పక్క వీధి నుంచి కూడా వచ్చి విన్నారు. బాగా చెప్పానని మెచ్చుకున్నవాళ్లున్నారు. సత్యవతి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. రెండు రోజులూ అక్కడే.

నేను వెళ్లేసరికి బావ నర్సయ్య బయటికి వెళ్లి ఉన్నాడు. పెద్ద కొడుకు భివండీలో ఉంటాడు. వాకిట్లో ఒకావిడ ఊడుస్తోంది. అరవై దాటిన మనిషి. మెడలో నల్లదారానికి చిన్న సిలువ.

"అన్నవా? కూసో. నీ ముక్కు సత్తెమ్మ ముక్కొక్కటే" అంది. అక్కడ సత్యవతిని సత్తెమ్మ అనేవాళ్లు.

పేరు మరియమ్మ. వెనక వీధి. కూలి పనులకు పోయేది, ఇప్పుడు కాళ్లు పట్టుకుపోయి బీడీలు చేస్తోంది. ఆ చీర తెచ్చింది తనేనని ఆవిడే చెప్పింది. నా కోపానికి ఒక మనిషి దొరికింది. కానీ రాజవ్వ మాట, ఆటోలో చెవుల్లో తీగలు పెట్టుకున్న మనిషి, ఇద్దరూ గుర్తొచ్చారు. కూర్చున్నాను.

"నువ్వు పుట్టిల్లు ఎలా అయ్యావమ్మా?" అని మాత్రం అడిగాను.

"ఏందో అయిన. బతుకమ్మ అస్తె వాడకట్టుల ఆడోళ్లందరు తల్లిగారిండ్లకు పోయేది. ఈమె ఒక్కతి ఈడ గడపల కూసునేది. ఒకేడు సూసిన, రెండేండ్లు సూసిన. మాకు గా పండుగ లేదు, మేం పాస్టరయ్య మాట మీద ఉంటం. అయితేంది? మా ఇంటికి రా సత్తెమ్మ, ఒక్క పూట ఉండి పో, తల్లిగారింటికి అచ్చిననుకో అన్న. నవ్వింది. అచ్చింది. ఇగ గట్లనే ఏటేటా."

"ఎన్నేళ్లు?"

"నా బిడ్డ అప్పుడు పాలు తాగేది. ఇప్పుడు దానికి మనుమరాలు."

"ఏం మాట్లాడుకునేవాళ్లు?"

ఆవిడ చీపురు కింద పెట్టింది. ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూస్తున్నట్టు కూర్చుంది. నేను అడ్డు తగల్లేదు. చెల్లెలికి సముద్రపు హోరు యాదికొచ్చేదట. సాంచాల చప్పుడు మొదట్లో అలాగే ఉందని సంబరపడిందట, తర్వాత తల నొప్పట. అమ్మ పోయినప్పుడు అమ్మ వక్కల పెట్టె కావాలని ఉండేదట, అడగలేదట. చిన్న కొడుకు చివరి రోజు పొద్దున ఆమెతో ఒక మాట అన్నాడట. ఆ మాట మరియమ్మకు తెలుసు. "అది మాత్రం నేను చెప్ప. ఆమె నాకే చెప్పింది" అంది.

ఆ మాట నా మేనల్లుడిది. నాకు తెలియదు.

లోపల ఒక రేకు పెట్టె చూపించింది. నేను పంపిన చీరలు. చాలావాటికి మడత కూడా విప్పలేదు. అన్నీ నీలమే. సత్యవతి పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు నీలం పరికిణీ కోసం ఏడ్చింది. అది నేను మర్చిపోలేదు. నా జ్ఞాపకశక్తిని మా పేటలో అందరూ మెచ్చుకుంటారు.

"ఆమెకు పచ్చగుంటె పాణం. బంతిపువ్వు లెక్క. నేను గదే తెచ్చిన, కప్పిన" అంది మరియమ్మ.

అప్పుడు నర్సయ్య వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి నా చెయ్యి పట్టుకున్నాడు. మరియమ్మ చాయ్ తెచ్చి ఇచ్చి వెళ్లిపోయింది. పద్మ చెప్పినట్టే ఎదురుగా కూర్చున్నాను. ఇంటి దగ్గర నుంచి మనసులో కట్టుకుంటూ వచ్చిన మాటలు చాలా ఉన్నాయి. ఆచారం గురించి, అన్నగా నా హక్కు గురించి. ఆయన కళ్లు నా పెదాల మీద ఉన్నాయి. ఒక్కటే అడిగాను.

"నాకెందుకు కబురు పెట్టలేదు బావా?"

నా నోరు ఆగాక కూడా ఆయన చూస్తూనే ఉన్నాడు, ఇంకా ఏమైనా ఉందేమోనని. నేను పెదాలు కదపలేదు. చాయ్ చల్లారింది. అప్పుడు చెప్పాడు.

"నేను పెడ్తనన్న బావా. పద్మ పోను చేతుల వట్టుకున్నది. నీ చెల్లెనే వద్దన్నది. 'మా అన్న మంచోడే. అస్తె అందరికి నా గురించి మస్తు చెప్తడు. నన్ను ఒక్క మాట అడుగడు. చిన్నోడు పోయిన్నాడు గూడ అడుగలే. ఇగ పోయెటప్పుడన్న నన్ను జెర సప్పుడు లేకుంట పోనియ్యిర్రి' అన్నది."